విశాఖలో మొదటి గేరు బండి: బాగా లాగే, మొండికేయని చిన్న ఇంజిన్ బైక్‌ని ఎంచుకోవడం ఎలా?

ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే లైసెన్సు) చేతికి రాగానే ఎవరైనా ముందు అడిగేది "ఏ బండి బాగా లాగుతుంది?" అని. ఇంట్లోవాళ్ళు అడిగేది "రిపేర్లు రావు కదా?" అని. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే హైదరాబాద్ రోడ్ల మీద నడిపి చెప్పే జవాబు మన ఊరికి సగమే సరిపోతుంది. విశాఖలో జాతీయ రహదారి ఊరి మధ్యలోంచే పోతుంది. పోర్టు లారీలూ, స్టీల్ ప్లాంటు ట్రెయిలర్లూ పక్కనే నడుస్తుంటాయి. నాలుగు సందులు తిరిగేసరికి ఒక ఎత్తో, ఒక దిగుడో వస్తుంది. వీటికి తోడు ఏడాది పొడుగునా ఉప్పుగాలి.

అందుకే ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్ళు మీటరు మీద 130 చూపించే బండి కోసం వెతకడం దండగ. మూడో గేరులో 40 నుంచి 70 కి తడబడకుండా ఎక్కాలి, దిగుడులో అనుకున్నచోట ఆగాలి, సముద్రపు గాలికి రెండేళ్ళలో షెడ్డు పాలు కాకూడదు. ఈ మూడూ ఉన్న బండిని ఎలా వెతకాలో వరసగా చెప్తాను.

1. ముందు లైసెన్సు సంగతి

గేరు బండికి 18 ఏళ్ళు నిండాలి. 16 నిండినవాళ్ళకి పెద్దల అంగీకారంతో ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు, గేర్లు లేని బండికి మాత్రమే. మైనరుకి బండి ఇస్తే, 2019లో చట్టం మారాక, కేసు తల్లిదండ్రుల మీదకే వస్తుంది: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. "పక్క వీధికే కదా" అని తాళాలు ఇచ్చే నాన్నలు ఈ అంకె ఒకసారి చూడాలి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజులు దాటాక పక్కా లైసెన్సు టెస్టుకి వెళ్ళొచ్చు. దరఖాస్తులో "గేరున్న మోటార్ సైకిల్" అనే రకం పెట్టారో లేదో చూసుకోండి. టెస్టు సులువని స్కూటీ మీద ఇచ్చేసి, గేర్లు లేని బండి లైసెన్సు తెచ్చుకుని, ఆ కార్డుతో పల్సర్ నడిపేవాళ్ళు మన చుట్టూ బోలెడుమంది. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి వెళ్ళినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

నేర్చుకునే రోజుల్లో ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర 'ఎల్' ఉండాలి. వెనక సీట్లో లైసెన్సు ఉండి నేర్పించే మనిషి తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. ఫ్రెండుని ఎక్కించుకుని రుషికొండ పోవడం టెస్టు పాసయ్యాకే.

ఇంకో సంగతి. మన దగ్గర గేరు లైసెన్సు వస్తే 100 సీసీ బండీ నడపొచ్చు, 1000 సీసీ బండీ నడపొచ్చు. యూరప్‌లో అలా కాదు. అక్కడ తొలి మెట్టు ఏ1 లైసెన్సు మీద 125 సీసీ, 11 కిలోవాట్లు, అంటే దాదాపు 15 హార్స్‌పవర్ దాటిన బండి ముట్టుకోకూడదు. మనకి ఆ గీత చట్టం గీయలేదు కాబట్టి మనమే గీసుకోవాలి. మొదటి ఏడాదికి 10 నుంచి 18 హార్స్‌పవర్ మధ్యలో ఉండండి. ఈ వ్యాసంలో నేను సూచించే బండ్లన్నీ ఆ గీత లోపలివే.

2. మీ దారి ఏమిటో కాగితం మీద రాయండి

బండి పేరుతో మొదలుపెట్టొద్దు. రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు, వెనక ఎవరైనా కూర్చుంటారా, రాత్రి బండి ఎక్కడ పెడతారు: ఈ మూడూ రాసుకోండి.

ఎంవీపీ కాలనీ నుంచి ఆంధ్రా యూనివర్సిటీకో, జగదాంబ వైపో అయితే రోజంతా రెండో గేరు, మూడో గేరే. 50 దాటే అవకాశం తక్కువ. ఇక్కడ తేలిక బండి, మెత్తటి క్లచ్, తక్కువ వేడి ముఖ్యం. మంచి 125 ఏదైనా హాయిగా సరిపోతుంది.

గాజువాకలో ఇల్లు, రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం అయితే లెక్క వేరు. ఎన్‌ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా హైవేలో లారీల మధ్య 60, 70 లో నడపాలి. ఒక ట్రెయిలర్ పక్కనుంచి దాటుతున్నప్పుడు బండి దగ్గర ఇంకొంచెం దమ్ము మిగిలి ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేశాక కూడా ట్రెయిలర్ పక్కనే ఉండిపోయామంటే వచ్చే టెన్షన్ చెప్పలేం. ఇలాంటివాళ్ళకి 150, 160 సీసీ బండికి పెట్టే అదనపు డబ్బు దండగ కాదు.

వారానికోసారి భీమిలి, ఎప్పుడో అరకు అనుకునేవాళ్ళు ఆ "ఎప్పుడో" కోసం బండి కొనకండి. మిగతా రోజులన్నీ నడిపేది ఊళ్ళోనే కదా.

3. సీసీ చూడకండి, బరువుకి తగ్గ బలం చూడండి

షోరూంలో మొదట వినిపించేది సీసీ. కానీ ఇంజిన్ మోయాల్సింది బండి బరువుని, మీ బరువుని కలిపి. ఒక చిన్న లెక్క వేద్దాం. మీ బరువు 65 కిలోలు అనుకోండి. బండి బరువుకి అది కలిపి, మొత్తం మీద టన్నుకి ఎంత హార్స్‌పవర్ వస్తుందో చూడండి. కింది అంకెలు కంపెనీలు ఇచ్చే లెక్కల మీద వేసినవి. మోడల్ ఏడాదిని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటాయి.

హీరో స్ప్లెండర్ 97.2 సీసీ, 8 హార్స్‌పవర్, 112 కిలోలు. మీతో కలిపితే టన్నుకి 45.

టీవీఎస్ రైడర్ 124.8 సీసీ, 11.4 హార్స్‌పవర్, 123 కిలోలు. టన్నుకి 60.

టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ 159.7 సీసీ, 17.5 హార్స్‌పవర్, 144 కిలోలు. టన్నుకి 84.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350లో 20 హార్స్‌పవర్ పైన ఉంది కానీ బరువు 181 కిలోలు. టన్నుకి 83.

చూశారా? 350 సీసీ హంటర్, 160 సీసీ అపాచీ ఈ లెక్కలో ఒకేచోట తేలాయి. హంటర్ కింది స్పీడులోనే బలంగా లాగుతుంది, అది వేరే సుఖం. అయితే సీసీ రెట్టింపయితే స్పీడు రెట్టింపవుతుందన్నది భ్రమ. పైగా ట్రాఫిక్‌లో ఒరిగిపోతున్న 181 కిలోల బండిని ఒంటి కాలు మీద ఆపడం కొత్తవాళ్ళ పని కాదు.

మన నాన్నల తరం ఇప్పటికీ పలవరించే యమహా ఆర్‌ఎక్స్ 100ని కూడా ఈ లెక్కలో పెట్టండి. 1985 నుంచి 1996 దాకా వచ్చిన ఆ బండి 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల పైన కొంచెం. టన్నుకి 65 దాకా వస్తుంది. అంటే "ఆ రోజుల్లో రాకెట్" అనిపించిన బండికి ఇవాళ్టి రైడర్ దాదాపు సమానం, అదీ మెరుగైన బ్రేకులతో, తక్కువ పెట్రోలుతో. "125 ఏం లాగుద్దిరా" అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

టన్నుకి 55 దాటితే ఊళ్ళో ఎక్కడా ఇబ్బంది ఉండదు. 75, 85 మధ్య ఉంటే హైవే మీదా, వెనక మనిషితో ఘాట్ మీదా బాగుంటుంది. 90 దాటినవి ఇప్పుడే వద్దు. బజాజ్ పల్సర్ ఎన్‌ఎస్ 200 ఈ లెక్కలో 110 దగ్గర ఉంటుంది. చాలా మంచి బండి, కాకపోతే రెండో బండిగా.

ఇంకొకటి చూడాలి: గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో. రైడర్‌లో 6,000 దగ్గర. యమహా ఎంటీ-15లో 7,500 దగ్గర, పూర్తి బలం 10,000 దగ్గర. అంటే ఎంటీ-15 పరుగెత్తాలంటే ఇంజిన్‌ని బాగా అరిపించాలి. అలవాటున్న చేతికి అదొక సరదా. గేర్లు ఇంకా తడుముకుంటున్న చేతికి ఎత్తు మీద బండి ఆగిపోవడమే ఎక్కువ. కింది ఆర్‌పీఎంలో లాగే ఇంజిన్ మన తప్పుల్ని క్షమిస్తుంది.

4. సీటు మీద కూర్చోండి, తొందరపడొద్దు

షోరూంలో అందరూ చేసేది సైడ్ స్టాండ్ మీద ఉన్న బండెక్కి ఫోటో దిగడం. మీరు స్టాండ్ తీయించండి. రోజూ వేసుకునే చెప్పులతోనో, బూట్లతోనో కూర్చుని రెండు కాళ్ళూ కింద పెట్టండి. రెండు పాదాల ముందు భాగం గట్టిగా ఆనాలి. వేళ్ళ చివర్లు మాత్రమే తగిలితే ఆ బండి వదిలేయండి.

ఇది మన ఊళ్ళో ఎందుకంత ముఖ్యమో పాండురంగాపురం డౌన్ లాంటి చోట ఎదురెక్కుతూ మధ్యలో ఆగితే తెలుస్తుంది. కుడికాలు వెనక బ్రేక్ మీద ఉంటుంది. బండి మొత్తం బరువు ఎడమకాలి మీద. ఎడమ చెయ్యి క్లచ్ నెమ్మదిగా వదులుతుంది, కుడి చెయ్యి యాక్సిలరేటర్ ఇస్తుంది, బండి ముందుకి గుంజుతున్నట్టు అనిపించాక అప్పుడు కుడికాలు బ్రేక్ వదులుతుంది. ఆ రెండు సెకన్లూ మిమ్మల్ని నిలబెట్టేది ఎడమకాలే. అది నేలకి సరిగ్గా అందకపోతే వెనక కారు బంపర్ దాకా జారిపోతారు.

సీటు ఎత్తులు చూడండి: రైడర్ 780 మిల్లీమీటర్లు, యమహా ఎఫ్‌జెడ్-ఎస్ 790, హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ 794, అపాచీ 160 4వీ 800, ఎంటీ-15 810, యమహా ఆర్15 815. కాగితం మీద తేడా చిన్నదే. ఐదడుగుల మూడంగుళాల మనిషికి మాత్రం 780కీ 815కీ చాలా తేడా ఉంది. సీటు వెడల్పుగా ఉంటే కాళ్ళు ఇంకా పక్కకి పోతాయి కాబట్టి అంకె ఒక్కటే నమ్మకుండా కూర్చునే చూడాలి.

ఆర్15 గురించి ఒక మాట. ముందుకి వంగి కూర్చునే ఆ బండి ఫోటోల్లో ఎంత బాగుంటుందో, సాయంత్రం ఆరింటికి ఆశీల్మెట్ట ట్రాఫిక్‌లో మణికట్టుకి అంత బాధ. తల తిప్పి వెనక్కి చూడటమే కష్టమైన భంగిమలో నేర్చుకోవడం మొదలుపెట్టొద్దు.

5. బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు

గంటకి 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. అడ్డంగా ఆవు వచ్చిందని మీకు తట్టేలోపే ఆ 17 మీటర్లు అయిపోతాయి. బ్రేక్ వేయడం ఆ తర్వాత సంగతి. పైగా ఆగే దూరం వేగంతో పాటు నేరుగా పెరగదు, వర్గంలా పెరుగుతుంది. బ్రేక్ పట్టాక 40 లో ఎనిమిది మీటర్లలో ఆగిన బండికి 60 లో పద్దెనిమిది మీటర్లు కావాలి.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 125, అంతకు లోపు వాటికి సీబీఎస్ ఉంటే చాలన్నారు. సీబీఎస్ అంటే ఒక బ్రేక్ నొక్కితే రెండు చక్రాలకీ కొంత పంచడం. చక్రం బిగుసుకుపోయి జారడాన్ని అది ఆపలేదు. ఏబీఎస్ ఆపుతుంది. బీచ్ రోడ్డులో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక సన్నటి పొరలా పరుచుకుని ఉంటుంది. ఎండలో అది కంటికి కనిపించదు. దాని మీద ముందు చక్రం బిగిస్తే పడటమే. కాబట్టి 125 కొన్నా ఏబీఎస్ ఉన్న రకం వెతకండి. 2024 జనవరిలో వచ్చిన ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న రకం దొరుకుతుంది. 160ల్లో పల్సర్ ఎన్160 రెండు చక్రాలకీ ఏబీఎస్‌తో వస్తుంది. కొత్తవాళ్ళకి నేను ఆ బండి పేరు గట్టిగా చెప్పడానికి పెద్ద కారణం అదే.

"ముందు బ్రేక్ పట్టుకోకు, బోర్లా పడతావ్" అని సైకిల్ రోజుల నుంచీ మన పెద్దలు చెప్పే మాట మోటార్ సైకిల్‌కి పనికిరాదు. బ్రేక్ వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. ఆపే శక్తిలో పెద్ద వాటా ముందు బ్రేక్‌దే. ఒక్కసారిగా లాగేయకుండా రెండు వేళ్ళతో మెల్లగా బిగిస్తూ, వెనక బ్రేక్ కూడా కలిపి వేయడం ఖాళీ స్థలంలో అలవాటు చేసుకోండి. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు మాత్రం ముందు బ్రేక్ జోలికి పోవద్దు.

6. ఉప్పుగాలి లెక్క

ఆన్‌లైన్ రివ్యూల్లో కనిపించనిది, విశాఖ మెకానిక్ మొదట చూసేది ఇదే. చిన్నవాల్తేరు, జోడుగుళ్ళపాలెం, పెదజాలరిపేట లాంటి తీరం పక్క ప్రాంతాల్లో ఆరుబయట పెట్టిన బండి మీద పొద్దున్నే వేలు పెట్టి రాస్తే జిగటగా తగులుతుంది. ఆ జిగట ఉప్పే. అది గాల్లో తేమని పట్టుకుని లోహం మీద అలాగే కూర్చుంటుంది.

మొదట పోయేది చైన్. రైడర్, అపాచీ, ఎంటీ లాంటి వాటిలో చైన్ చాలావరకు బయటకే ఉంటుంది. స్ప్లెండర్ లాంటి బండ్లకి రేకు కవరు చుట్టూ కప్పి ఉంటుంది. చూడటానికి పాతకాలం వాటంలా ఉన్నా తీరం దగ్గర ఆ కవరు చైన్ ఆయుష్షు పెంచుతుంది. బయటకున్న చైన్ కొనుక్కుంటే మాత్రం 500 కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి చైన్ లూబ్ కొట్టే ఓపిక ఉండాలి. పాత ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్ళున్నారు. దానికి ఇసుక అంటుకుని చైన్‌ని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది.

రెండోది ముందు ఫోర్క్ గొట్టాలు. మెరుస్తూ పైకీ కిందకీ ఆడే ఆ గొట్టం మీద చిన్న తుప్పు చుక్క లేచినా, అది ఆయిల్ సీల్‌ని కోసేస్తుంది. ఆయిల్ కారి డిస్క్ మీద పడితే బ్రేక్ పట్టదు. రబ్బరు తొడుగులున్న ఫోర్కులు చూడ్డానికి స్టైల్‌గా ఉండకపోవచ్చు, మన వాతావరణానికి మాత్రం అవే మేలు.

సైలెన్సర్ మెడ, బ్యాటరీ టెర్మినళ్ళు, వైర్ల కనెక్టర్లు తర్వాతి వరస. 2020లో బీఎస్6 (పొగ నియమాలు) వచ్చాక దాదాపు అన్ని బండ్లూ కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే కాబట్టి సెన్సర్లు, కనెక్టర్లు ఎక్కువయ్యాయి. కనెక్టర్లో పచ్చగా చిలుము పడితే బండి ఎందుకు ఆగిపోతోందో కనుక్కోవడానికే ఒక రోజు పోతుంది. ఇంజెక్షన్ పంపుకి కరెంటు కావాలి, అందుకే బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన బండిని పాత బండిలా తోసి స్టార్ట్ చేయడం కుదరకపోవచ్చు.

పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. నెలల తరబడి బండి కదలకుండా ఉండాల్సి వస్తే ట్యాంకు సగం ఖాళీగా వదలొద్దు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండి అయితే ఈ పెట్రోలుకి తట్టుకునే భాగాలతోనే వస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఈ తేదీ గుర్తుపెట్టుకోండి.

7. నమ్మకమైన ఇంజిన్ అంటే ఏది?

ఎక్కువమంది నడిపేదే. పాత సామెతలా అనిపించినా కారణం ఉంది. స్పేర్లు వీధి చివర దొరుకుతాయి, మెకానిక్‌కి ఆ ఇంజిన్ కొట్టినపిండి, అమ్మేటప్పుడు కొనేవాళ్ళుంటారు. ఎంచుకున్న బండి క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు, చైన్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) సెట్టు, అద్దం ఎంతో, ఎన్నాళ్ళకి దొరుకుతాయో మీ ఇంటి దగ్గర షెడ్డులో అడగండి. "ఆర్డర్ పెట్టాలి" అనే మాట రెండుసార్లు వినిపిస్తే ఆలోచించండి.

గాలికి చల్లబడే ఇంజిన్‌లో పాడయ్యే భాగాలు తక్కువ. ఆయిల్ కూలర్ ఉన్నది మధ్యరకం, ఎండాకాలం ఘాట్ ఎక్కినా బలం తగ్గదు. రేడియేటర్ ఉన్నది వేగానికి మంచిది, కానీ కూలెంట్, పంపు, ఫ్యాన్ అని చూసుకోవాల్సినవి పెరుగుతాయి. మొదటి బండికి గాలో, ఆయిలో చాలు.

8. ఇక పేర్లు

ఊళ్ళో తిరగడానికి, తక్కువ ఖర్చులో, చలాకీగా ఉండాలంటే: రైడర్ 125 లేదా ఎక్స్‌ట్రీమ్ 125ఆర్. ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళకి రైడర్, ఏబీఎస్ కావాలనుకుంటే ఎక్స్‌ట్రీమ్. హోండా ఎస్పీ 125 వీటికంటే మెత్తన, కాస్త నిదానం.

స్పీడు మీద పెద్ద మోజు లేదు, మంచి టైర్లు, ఏబీఎస్, తేలిక క్లచ్ ఉంటే చాలు అనుకుంటే ఎఫ్‌జెడ్-ఎస్. 12.4 హార్స్‌పవరే కానీ కొత్తవాళ్ళని కంగారుపెట్టని బండి.

రోజూ హైవే అయితే పల్సర్ ఎన్160 లేదా అపాచీ 160 4వీ. అపాచీ చురుకు, ఎన్160 నిబ్బరం. నన్ను ఒక్కటే చెప్పమంటే కొత్తవాళ్ళకి ఎన్160 అంటాను. 150 కిలోలు దాటిన బరువు కాస్త తెలుస్తుంది గానీ 6,750 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ ఇస్తుంది.

9. టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి

ఎల్‌ఎల్‌ఆర్ మీద షోరూంవాళ్ళు బండి ఇవ్వకపోవచ్చు. లైసెన్సున్న అన్ననో, బావనో, మేనమామనో వెంటబెట్టుకెళ్ళి ముందు వాళ్ళని నడపమనండి, మీరు వెనక కూర్చుని చూడండి. షోరూం ముందు చదును రోడ్డులో ఒక చుట్టు తిరిగి రావడం టెస్ట్ రైడ్ కాదు. ఎత్తున్న రోడ్డుకి పోనివ్వమని అడగండి.

మూడో గేరులో 30 దగ్గర యాక్సిలరేటర్ ఇస్తే గింజుకోకుండా ఎక్కుతోందా? 60, 70 మధ్య ఫుట్‌రెస్టులు, హ్యాండిల్ వణుకుతున్నాయా? క్లచ్ పది నిమిషాలు పట్టి వదిలితే వేళ్ళు నొప్పెడుతున్నాయా? న్యూట్రల్ సులువుగా పడుతోందా? ఇరుకు సందులో యూటర్న్ ఒక్క తిప్పులో అవుతోందా? ఇవి చాలు. టాప్ స్పీడు అడగొద్దు, చూడొద్దు.

10. సెకండ్ హ్యాండ్ అయితే

నేర్చుకునే రోజుల్లో బండి ఒకట్రెండుసార్లు పడటం మామూలే. కాబట్టి మంచి సెకండ్ హ్యాండ్ 125 తీసుకుని, ఏడాది తర్వాత అమ్మేసి కొత్త 160 కొనడం తెలివైన పద్ధతే. కాకపోతే చూసి తీసుకోవాలి.

నంబరు ఏపీ 31 తో మొదలైతే చాలావరకు అది 2019కి ముందు బండి. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ 39 వరస వచ్చింది. ఒడిశా నంబరు బండి చవగ్గా వస్తోందంటే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడి పన్ను, రిజిస్ట్రేషన్ మార్పు ఖర్చు కలిపి లెక్కేయండి, చవక చాలావరకు ఆవిరవుతుంది.

పొద్దున్నే వెళ్ళండి. స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లారేదాకా కూర్చోండి. చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి. కాస్త రైజ్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ బోరుకి వచ్చినట్టే, అంటే లోపల అరిగిపోయినట్టే.

తర్వాత కూర్చుని వెనక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ని వెనక్కి లాగండి. స్ప్రాకెట్ పన్ను సగం కనిపించేలా చైన్ పైకి లేస్తే చైన్ సెట్టు మార్చాలి, ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఫోర్క్ గొట్టం మీద గోరుతో పైనుంచి కిందకి గీయండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే తుప్పు మొదలైంది. ట్యాంకు మూత తీసి టార్చి కొట్టి లోపల ఎర్రగా ఉందేమో చూడండి. టైరు పక్కన గుడ్డు ఆకారంలో నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. మీటరు మీద తక్కువ కిలోమీటర్లు చూపిస్తూ వెనక బ్రేక్ పెడల్ నున్నగా అరిగిపోయి ఉంటే మీటరుని నమ్మొద్దు.

హ్యాండిల్ చివర్లు, ఫుట్‌రెస్టుల అంచులు, బ్రేక్ లివర్ కొస గీసుకుపోయి ఉన్నాయా చూడండి. ఒకవైపే గీతలుంటే నిలబడ్డచోట పడింది అనుకోవచ్చు. రెండువైపులా ఉంటే ఎవరో దాన్ని బాగా పిండేశారు.

కాగితాల్లో ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, పెండింగ్ చలానాలు చూడాలి. ఫైనాన్స్ తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకునే డబ్బు ఇవ్వండి. "తర్వాత మార్చుకుందాం లే" అనే బేరం ఇద్దరికీ ముప్పే.

11. కొత్త బండి బిల్లు

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు తీసిన వీడియోల్లో ధరలు చూసి బడ్జెట్ వేసుకోవద్దు.

ఇన్సూరెన్స్‌లో ఒక మెలిక ఉంది. కొత్త బండికి థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) ఐదేళ్ళకి ఒకేసారి కట్టాలి. 2022 జూన్ రేట్ల ప్రకారం 150 సీసీ లోపు అయితే 3,851 రూపాయలు, 150 దాటి 350 లోపు అయితే 7,365, పన్ను అదనం. 149 సీసీ ఎఫ్‌జెడ్ మొదటి వరసలో, 159.7 సీసీ అపాచీ రెండో వరసలో పడతాయి. పది సీసీ తేడాకి దాదాపు రెట్టింపు. 150, 160 మధ్య ఊగుతున్నవాళ్ళు ఇది కూడా చూసుకోవాలి.

హ్యాండ్లింగ్ చార్జీలు, టెఫ్లాన్ కోటింగ్, యాక్సెసరీల ప్యాకేజీ అని బిల్లులో చేరేవాటికి వద్దని చెప్పొచ్చు. కింది భాగాలకి తుప్పు పట్టని కోటింగ్ మాత్రం తీరం దగ్గరవాళ్ళు వేయించుకోవచ్చు. మిగిలిన డబ్బు హెల్మెట్‌కి పెట్టండి. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే తీసుకోండి, రెండు తీసుకోండి. 2024 సెప్టెంబర్ నుంచి విశాఖలో వెనక కూర్చునేవాళ్ళకీ హెల్మెట్ లేకపోతే ఫైన్ వేస్తున్నారు.

12. బండి ఇంటికొచ్చాక

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజిన్‌ని పిండొద్దు, అలాగని టాప్ గేరులో 30లో గింజుకునేలా నడపొద్దు. స్పీడు మారుస్తూ నడపండి. మొదటి సర్వీసు పుస్తకంలో రాసిన కిలోమీటర్లకే చేయించండి, ఆయిల్ మార్చారో లేదో దగ్గరుండి చూడండి. వారానికోసారి మామూలు నీళ్ళతో కడిగి, పాత బనీనుతో తుడిచి, ఒక చుట్టు తిప్పుకొచ్చి ఆరనివ్వండి. తడి బండి మీద కవరు కప్పితే తుప్పుకి పందిరి వేసినట్టే. సైలెన్సర్ మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. వారంటీ పోతుంది, పోలీసులు ఆపుతారు, ఇంజిన్ బలం పెరిగేదేమీ ఉండదు.

మొదటి నెల పొద్దున్న ఆరింటికి ముందే లేచి ఖాళీ రోడ్ల మీద నేర్చుకోండి. తర్వాత ఊళ్ళో ట్రాఫిక్, ఆ తర్వాత హైవే, లైసెన్సు వచ్చాకే కొండలు. సింహాచలం ఘాట్ దిగేటప్పుడు క్లచ్ పట్టుకుని జారుకుంటూ రావొద్దు, న్యూట్రల్ అసలే వద్దు. రెండో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకులు వేడెక్కవు. అది అలవాటయ్యాక అరకు దారిలో అనంతగిరి ఘాట్‌కి వెళ్ళొచ్చు. చలికాలమైతే మంచు విడిచాక ఎక్కండి, చీకటి పడకముందే దిగండి.